శాలువా డెక్కు మీదికి కాదు, డైనింగు హాలుకి

థాంక్స్ గివింగ్ దాటిందంటే చాలు, మా ఆఫీసులో దేశీ జనాలు రెండు జట్లుగా విడిపోతారు. ఇండియా వెళ్ళేవాళ్ళు ఒక జట్టు, ఇండియా టిక్కెట్ల రేట్లు చూసి గుండె పట్టుకుని క్రూజుకి వెళ్ళేవాళ్ళు ఇంకో జట్టు. ఈ రెండో జట్టు వాళ్ళు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. 'కరేబియన్ కదా.. సాయంత్రాలు చలేస్తుందా? స్వెట్టర్లు గట్రా పెట్టుకోవాలా?' అని. ఇది తమ కోసం అడిగేవాళ్ళు తక్కువ. కాస్త సేపు అదీ ఇదీ మాట్లాడాక 'అంటే, అమ్మావాళ్ళు కూడా వస్తున్నారు' అని మెల్లిగా బయటపెడతారు. అసలు ప్రశ్న అదన్న మాట.

దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటే. ఓడ ఆగే ఊళ్ళ పేర్లు తీసుకో, ఆ నెలలో రాత్రి ఉష్ణోగ్రతలు ఎంతో చూసుకో, దాన్నిబట్టి బట్టలు సర్దుకో. వినడానికి శుభ్రంగా ఉంటుంది. కానీ ఓడ రాత్రిపూట ఊళ్ళో ఉండదు కదండీ! చాలా రోజులు సాయంత్రం నాలుగైదింటికే లంగరెత్తేస్తారు. మనం పట్టుచీరలు కట్టుకుని భోజనానికి బయల్దేరే సమయానికి చుట్టూ నీళ్ళే.

నీళ్ళ మీద సాయంత్రం వేరు. డిసెంబరులో హైదరాబాదులో మధ్యాహ్నం 28 డిగ్రీలుంటే తెల్లవారుజామున 15కి పడిపోతుంది. అలాంటి చోట పుట్టి పెరిగాం కాబట్టి పొద్దుగూకితే చలి అన్నది మన ఒంట్లో ఇంకిపోయింది. నేల తొందరగా వేడెక్కుతుంది, తొందరగా చల్లారుతుంది. సముద్రం అలా కాదు. పగలంతా ఎండ కాసినా, రాత్రంతా వేడి పోయినా పైపై నీటి ఉష్ణోగ్రతలో తేడా మామూలుగా ఒక డిగ్రీ కూడా ఉండదు. దాని మీదుండే గాలి కూడా ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ, అంతే. కరేబియన్ నీళ్ళు జనవరిలో కూడా 26 డిగ్రీల దగ్గరుంటాయి, జూన్ కల్లా 28కి వస్తాయి. కాబట్టి మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి మూడింటికీ డెక్కు మీద థర్మామీటరు చూపించేది ఇంచుమించు ఒకటే. విశాఖపట్నం వాళ్ళకి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదనుకోండి.

మరి క్రూజుకి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళంతా 'అబ్బో, చలికి వణికిపోయాం' అంటారెందుకు? వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు. నిజంగానే వణికారు. కాకపోతే ఓడ లోపల.

పోయినేడు జూన్ లో పిల్లలకి సెలవులివ్వగానే అమ్మనీ నాన్ననీ తీసుకుని ఫ్లోరిడా నుంచి ఏడు రాత్రుల క్రూజుకి వెళ్ళాం. శాన్ వాన్, సెయింట్ థామస్ అటు వైపు. మొదటి రాత్రే థియేటర్లో ఏదో డాన్సు కార్యక్రమం ఉంటే వెళ్ళి కూర్చున్నాం. జనం నిండకముందే హాలుని చల్లబెట్టి ఉంచారు. బయట గాలి నిండా తేమ. ఆ తేమని పిండాలంటే ఏసీ గాలిని బాగా చల్లబరచాల్సిందే. పైగా మా సీట్లు సరిగ్గా గాలి వచ్చే కంత కింద. అమ్మ పావుగంటలో పైట చెంగుని మెడ చుట్టూ చుట్టేసుకుని, చేతులు రెండూ అందులో దాచేసుకుంది. కార్యక్రమం అయ్యాక పైకి డెక్కు మీదికి వెళ్దామంటే ససేమిరా రానంది. 'లోపలే ఇంత చలిగా ఉంటే బయట సముద్రం మీద ఇంకెంత ఉంటుందిరా! మీరెళ్ళండి' అంది.

తర్కంలో తప్పేం లేదు. ఊళ్ళో ఐతే లోపల చలిగా ఉంటే బయట ఇంకా చలిగానే ఉంటుంది. పైగా అమ్మకి ఉబ్బసం ఉంది. చలిగాలి అంటే భయపడడానికి ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. అలా మొదటి మూడు సాయంత్రాలూ భోజనం, గది, దుప్పటి.

నాన్నది ఇంకో కథ. రెండో రోజు రాత్రి తలుపు తోసుకుని డెక్కు మీదికి వెళ్ళిన మనిషి రెండు నిమిషాల్లో వెనక్కొచ్చేసి లోపల సోఫాలో కూర్చున్నారు. ఏంటంటే ఏం లేదన్నారు. మూడో రోజు కూడా అంతే. నాలుగో రోజు పొద్దున్న టిఫిన్ దగ్గర, అమ్మ ప్లేటు పట్టుకుని అటు వెళ్ళాక, గొంతు తగ్గించి 'కంట్లో పొర మళ్ళీ వచ్చినట్టుందిరా, బయటికెళ్తే మబ్బుగా కనపడుతోంది' అన్నారు. అంతకు రెండేళ్ళ ముందే శుక్లాల ఆపరేషన్ అయింది. రెండు రోజులు ఆ భయాన్ని ఒక్కరే మోశారన్న మాట. 'లోపల ఎలా కనపడుతోంది?' అన్నాను. 'లోపల బాగానే ఉంది' అన్నారు.

కళ్ళలో ఏమీ లేదు, కళ్ళజోడు మీద ఉంది! గంటల తరబడి 20-21 డిగ్రీల ఏసీలో ఉన్న కళ్ళద్దాలు బయటి వేడి, తేమ గాలి తగలగానే ఆవిరి పట్టేస్తాయి. ఫ్రిజ్ లోంచి తీసిన మంచినీళ్ళ సీసాకి చెమట పట్టినట్టే. ఆ రాత్రి నాన్నని పట్టుకుని తలుపు బయట ఐదు నిమిషాలు ఊరికే నిలబడ్డాను. అద్దాలు వాటంతటవే తేటపడ్డాయి. అప్పుడు ఆయన మొహం చూడాలి. (కెమెరాలకీ ఇదే బాధ. డెక్కు మీదికెళ్ళగానే తీసిన ఫొటోలన్నీ పాలు పోసినట్టుంటే కెమెరా చెడిపోయిందనుకోకండి.)

కళ్ళజోడుకి ఆవిరి పట్టిందంటేనే బయట లోపలికంటే వెచ్చగా ఉన్నట్టు. అమ్మకి ఈ ఫిజిక్సంతా చెప్పబోతే 'నీ ఇంజనీరింగు నా దగ్గర వద్దు' అంది. చివరికి మా ఆవిడే, 'అత్తయ్యగారూ, బయటికి రావద్దు, తలుపు తీస్తాను, చెయ్యి ఒక్కటి బయట పెట్టి చూడండి చాలు' అని బతిమాలి తీసుకొచ్చింది. అమ్మ చెయ్యి పెట్టింది. తర్వాత తల పెట్టింది. 'వేణ్ణీళ్ళు తోడిన స్నానాలగది తలుపు తీసినట్టుందే!' అంది.

ఆ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. తెనాలిలో ఎండాకాలం సాయంత్రాలు డాబా మీద నీళ్ళు చల్లి, కాక తగ్గాక మడతమంచాలు వేసుకుని పడుకున్న రోజుల గురించి చెప్తూ కూర్చుంది. ఇల్లు కట్టుకుని, ఏసీ పెట్టించుకున్నాక రాత్రి పూట ఆరుబయట కూర్చోవడమే మానేశానంది. ఏడు రాత్రుల్లో మూడు అప్పటికే అయిపోయాయి కదా అన్న బెంగ నాకు. ఆవిడకి ఆ లెక్కలేం లేవు.

ఇక గాలి సంగతి. ఓడలో చలికి రెండో కారణం ఇది, దీన్నీ వాతావరణం యాప్ చూపించదు. ఓడ 18 నాట్ల వేగంతో వెళ్తోందనుకోండి. ఒక నాటు అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. అంటే బయట ఆకు కదలకపోయినా, డెక్కు మీద నించున్న మనిషికి 33 కిలోమీటర్ల ఎదురుగాలి. దీనికి తోడు కరేబియన్ లో తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు ఉంటాయి. చిన్నప్పుడు సోషల్ లో బట్టీ పట్టి వదిలేసిన అవే! ఫ్లోరిడా నుంచి శాన్ వాన్ వైపు వెళ్ళేటప్పుడు దాదాపు వాటికి ఎదురెళ్తాం. ఆ గాలి ఒక 15 నాట్లు వేసుకుంటే మొత్తం 33 నాట్లు, గంటకి 61 కిలోమీటర్లు. హెల్మెట్ లేకుండా బైకు మీద అరవైలో పోవడమే. గాలి 27 డిగ్రీలున్నా సరే, అరగంట అలా నించుంటే ఎవరికైనా ఒళ్ళు జిల్లుమంటుంది. అదే తిరుగు ప్రయాణంలో గాలీ ఓడా ఒకే వైపు వెళ్తాయి. పద్దెనిమిదిలోంచి పదిహేను పోతే మూడు నాట్లు. డెక్కు మీద ఉక్కపోత! అదే ఓడ, అదే సముద్రం, అదే వారం.

ఫోన్లో 'ఫీల్స్ లైక్' అని చూపిస్తుంది కదా అంటారేమో. అమెరికా వాతావరణ శాఖ 2001 నుంచి వాడుతున్న విండ్ చిల్ సూత్రం 10 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉన్నప్పుడే వర్తిస్తుంది. 27 డిగ్రీల దగ్గర ఫోను గాలిని వదిలేసి తేమని లెక్కలోకి తీసుకుని, ఉన్నదాని కంటే ఎక్కువ వేడి చూపిస్తుంది. అదీ ఒడ్డున ఉన్న ఊరిది. మన డెక్కుది కాదు.

ఈ ఎదురుగాలి తప్పించుకోవడానికి బట్టలే అక్కర్లేదు, చోటు మారినా చాలు. అన్నిటికంటే పై డెక్కు, ముందు భాగం - అక్కడ మహా గాలి. ఓడ వెనక వైపు, లేదా కింద పడవలు వేలాడదీసే డెక్కులో గాలి తగలని పక్క, అక్కడ హాయిగా కూర్చోవచ్చు. పిల్లల్ని ఈతకొలను నుంచి తడి బట్టలతో పై డెక్కు మీద తిరగనివ్వకండి. ఒంటి మీద ఒక గ్రాము నీరు ఆరాలంటే దాదాపు 2,400 జౌళ్ళ వేడి కావాలి, అందులో చాలా భాగం వాళ్ళ ఒంట్లోంచే పోతుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా కరేబియన్ కి. 'వార్మ్ వెదర్ క్రూజ్' అని అమ్మేవన్నీ ఒకటి కావు. జనవరిలో మయామీలో సగటు కనిష్ఠం 16-17 డిగ్రీలు, ఉత్తరం నుంచి చలిగాలులు దిగిన రోజు పదికి కూడా పడొచ్చు. ఓడ బయల్దేరేటప్పుడు అందరూ పై డెక్కు మీదికెళ్ళి చేతులూపే ఆ మొదటి సాయంత్రమే ప్రయాణం మొత్తంలో చల్లనిది కావచ్చు. స్వెట్టరేమో చెక్ ఇన్ చేసిన పెట్టెలో ఉంటుంది, ఆ పెట్టె గదికి రావడానికి రాత్రవుతుంది! డల్లాస్, హ్యూస్టన్ వాళ్ళు ఎక్కే గాల్వెస్టన్ ఐతే ఇంకా చల్లన. చలికాలంలో అక్కడి నీళ్ళే చల్లగా ఉంటాయి, మొదటి రోజూ చివరి రోజూ సరైన జాకెట్టు ఉండాల్సిందే. ఇక మా కాలిఫోర్నియా వాళ్ళు 'మెక్సికో' అన్న మాట చూసి లాస్ ఏంజెలెస్ నుంచి ఎన్సెనాడాకి మూడు నాలుగు రాత్రుల క్రూజు ఎక్కేస్తారు. ఆ తీరం పక్కన ఉత్తరం నుంచి దిగే చల్లటి ప్రవాహం ఉంది, కాలిఫోర్నియా కరెంట్ అంటారు. చలికాలంలో నీళ్ళు 14-16 డిగ్రీలు. అక్కడ సముద్రం మీద సాయంత్రం అంటే నిజమైన చలే, శాలువాతో పనవదు. అందుకే ఊరి పేరు కాకుండా, ఓడ దాటే నీళ్ళ ఉష్ణోగ్రత ఎంతో చూసుకోండి. రాత్రి గాలి ఇంచుమించు దానికి దగ్గర్లోనే ఉంటుంది.

సరే, ఏం కట్టుకోవాలి మరి?

బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి 'క్లో' అని ఒక కొలమానం ఉంది. 1941లో పెట్టారు. 21 డిగ్రీల గదిలో, గాలి కదలకుండా ఉంటే, తీరిగ్గా కూర్చున్న మనిషికి హాయిగా ఉండాలంటే ఎంత బట్ట కావాలో అది ఒక క్లో. సుమారుగా ఆ రోజుల్లో మగవాళ్ళు వేసుకునే సూటు అన్న మాట. ఓడలో డైనింగ్ హాలు ఇరవయ్యొక్క డిగ్రీల దగ్గర పెట్టారంటే అది కోటు వేసుకున్న మగవాడికి సరిపడే లెక్క. మామూలు చొక్కా ప్యాంటూ అందులో దాదాపు సగమే. కాబట్టి పెద్దవాళ్ళు వణికితే అది వాళ్ళ నీరసం కాదు, లెక్క ప్రకారమే వణుకుతున్నారు.

చీర గురించి కూడా ఎవరో ఒకరు కొలిచి ఉంటారా అని వెతికితే దొరికింది. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో జనం ఎండాకాలాన్ని ఎలా తట్టుకుంటారో పరిశోధించిన ఇంద్రగంటి మాధవి గారు, 2010ల మధ్యలో బర్క్‌లీలో వేడి చేసిన బొమ్మకి రకరకాలుగా చీరలు కట్టి మరీ కొలిచారు. ఒకే చీర, కట్టు మారితే వెచ్చదనం మారుతుందని తేలింది. పైట జారవిడిస్తే ఒకటి, భుజాల చుట్టూ కప్పుకుంటే ఇంకొకటి. థియేటర్లో మా అమ్మ చేసింది సరిగ్గా అదే. బయటికి రాగానే మళ్ళీ వదులు చేసుకోవచ్చు. జిప్పులూ గుండీలూ ఏమీ లేకుండా ఇంత సులువుగా మార్చుకోగలిగే బట్ట ఇంకోటి నాకైతే తెలీదు. కాబట్టి 'అమెరికన్ ఓడ కదా' అని అమ్మలకి బలవంతాన ప్యాంట్లు కొనకండి. వాళ్ళకై వాళ్ళు ముచ్చటపడితే అది వేరు.

ఐతే చీరకి ఓడలో చిక్కులు లేకపోలేదు. ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళనివ్వరు, అగ్నిప్రమాదమని పెట్టెలోంచి తీసి పక్కన పెట్టేస్తారు. కొన్ని ఓడల్లో బట్టలుతుక్కునే గది, అందులో ఇస్త్రీ ఉంటాయి, కొన్నిట్లో ఉండవు. గంజి పెట్టిన మంగళగిరి నేతచీరలు ఈ ఒక్క వారం ఇంట్లో ఉంచేసి క్రేపు, జార్జెట్, మెత్తటి పట్టు పెట్టుకుంటే మేలు. పిన్నీసులు డజనుకి తక్కువ కాకుండా! పై డెక్కు మీద గాలికి పైట నిలవదు, కుచ్చిళ్ళు కాళ్ళకి చుట్టుకుంటాయి, నేల తడిగా ఉంటుంది. ఊగే ఓడలో మెట్లు దిగేటప్పుడు ఇది నవ్వులాట వ్యవహారం కాదు. మడమ దగ్గర పట్టీ ఉన్న, రబ్బరు అడుగు చెప్పులే వెయ్యాలి.

ఫార్మల్ నైటని వారంలో ఒకటో రెండో రాత్రులుంటాయి. 'పట్టుచీర కడితే నవ్వుతారేమోరా' అంది అమ్మ. ఎవరూ నవ్వలేదు, అసలెవరూ పట్టించుకోలేదు. సెలవుల్లో అదే కదా కావలసింది. నాన్న పంచె కట్టి, పైన ఫుల్ చేతుల చొక్కా, కండువా వేసుకొచ్చారు. వెయిటర్ కుర్చీ లాగి కూర్చోబెట్టాడు, అంతే. ఆ కండువానే ఏసీ ఎక్కువైనప్పుడు చెవుల మీదుగా చుట్టేసుకున్నారు. (లుంగీని మాత్రం మా ఆవిడ గది గుమ్మం దాటనివ్వలేదు.) మంకీ క్యాపు మీద మనవాళ్ళు వేసే జోకులు నాకూ తెలుసు గానీ, ముప్పై నాట్ల ఎదురుగాలిలో చెవులు మూసే టోపీ ఏదైనా మంచిదే. అమ్మకి అదీ, చెవుల్లో దూదీ రెండూ ఉంటే గానీ ధైర్యం రాదు. ఉండనిచ్చాం.

మనిషికి ఒక శాలువా. అది డెక్కు కోసం కాదు, భోజనాల హాలుకీ థియేటరుకీ. ఒక పల్చటి విండ్ చీటర్, టోపీ ఉన్నది, అది డెక్కు కోసం. లావుపాటి ఊలు స్వెట్టరు గాలి ఆపదు, పెట్టెలో చోటు మాత్రం తింటుంది. రెండు జతల మేజోళ్ళు, ఏసీలో ముందు చల్లబడేది పాదాలే. గదిలో ఏసీ తగ్గించుకునే మీట ఉంటుంది, చీకట్లో కనపడదు, మొదటి రోజే పెద్దవాళ్ళకి చూపించండి. హాల్లో మీట ఉండదు గానీ మనుషులుంటారు. మా టేబులు గాలి కంత కిందే పడితే, అమ్మ తనకొచ్చిన హిందీలో హెడ్ వెయిటర్ తో 'ఠండా బహుత్' అంది. ఆయన గోవా ఆయన. మర్నాటి నుంచి గోడ పక్క టేబులిచ్చాడు. ఆ ముక్క నేను ఇంగ్లీషులో అడిగుంటే ఏసీ గురించి పెద్ద వివరణ వచ్చేదనుకుంటా.

అన్నట్టు, చివరి రాత్రి పెట్టెలన్నీ సర్ది పడుకునే ముందే గుమ్మం బయట పెట్టెయ్యమంటారు, మళ్ళీ అవి కనపడేది పొద్దున్న ఒడ్డున టెర్మినల్లోనే. ఈ లోపు ఓ రెండు గంటలు లౌంజిలో, ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్ హాల్లో క్యూలో నించోవాలి. రెండూ ఏసీలే. శాలువాలు పెట్టెలో పెట్టెయ్యకండి, చేతిసంచీలో ఉంచుకోండి.